జీవశాస్త్రం బిట్లు, భౌతికశాస్త్రం బిట్లు: ప్రవేశపరీక్షల సాధనలో అసలు తేడా

గోదావరి డెల్టాలో ఇంటర్ బైపీసీ చదివే పిల్లలున్న ఇళ్లలో, రాజమహేంద్రవరం మొదలుకొని తణుకు, భీమవరం, అమలాపురం దాకా, కళాశాలవారిని తల్లిదండ్రులు ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది: రోజుకు ఎన్ని బిట్లు చేయిస్తారు? 2025 నీట్ తరువాత ఈ ప్రశ్న మరింత ఆందోళనతో వినిపిస్తోంది. ఆ ఏడాది భౌతికశాస్త్ర విభాగం చాలామంది విద్యార్థులను తికమక పెట్టింది. 2024లో 720కి 720 తెచ్చుకున్నవారు ఉండగా 2025లో అత్యధిక మార్కులు 686 దగ్గర ఆగాయి. జనరల్ విభాగంలో అర్హత మార్కు కూడా 162 నుంచి 144కు దిగింది. దాంతో వేల బిట్లు చేసిన పిల్లవాడికి కూడా భౌతికశాస్త్రంలో మార్కులు ఎందుకు రాలేదన్న సందేహం తల్లిదండ్రుల్లో బలంగా నాటుకుంది.

ఈ సందేహానికి మూలం ‘బిట్లు చేయడం’ అనే మాటలోనే రెండు వేర్వేరు పనులు కలిసిపోయి ఉండటం. జీవశాస్త్రంలో ఆ మాటకు, చదివినదాన్ని పుస్తకం చూడకుండా జ్ఞాపకంలోంచి పైకి తీయడం అని అర్థం. భౌతికశాస్త్రంలో మాత్రం, కొత్తగా కనిపిస్తున్న పరిస్థితిలో ఏ నియమం పనిచేస్తోందో గుర్తించడం అని అర్థం. రెంటికీ ఒకే పద్ధతిని, ఒకే లెక్కను వాడితే రెండో పని దెబ్బతింటుంది.

రెండు పరీక్షలు అడిగేది ఒకటి కాదు

నీట్‌లో 180 ప్రశ్నలు, మూడు గంటల సమయం, 720 మార్కులు ఉంటాయి. వీటిలో జీవశాస్త్రం 90 ప్రశ్నలు, భౌతిక, రసాయన శాస్త్రాలు చెరి 45 ప్రశ్నలు. సరైన జవాబుకు 4 మార్కులు వస్తాయి, తప్పు జవాబుకు 1 మార్కు పోతుంది. 2021 నుంచి 2024 వరకు 200 ప్రశ్నలిచ్చి 180 రాయమనేవారు, 2022 నుంచి సమయం కూడా 200 నిమిషాలు ఉండేది. 2025లో ఆ ఛాయిస్ తీసేసి పాత పద్ధతికి వచ్చారు. కష్టమైన ప్రశ్నను పక్కన పెట్టి మరొకటి ఎంచుకునే వీలు పోయింది కాబట్టి, ఒక అధ్యాయాన్ని పూర్తిగా వదిలేసి వెళ్లడం ఇప్పుడు మునుపటికన్నా ఖరీదైన పని.

వ్యవసాయ, ఫార్మసీ కోర్సులకు రాసే ఏపీ ఈఏపీసెట్‌లో అదే మూడు గంటల్లో 160 ప్రశ్నలుంటాయి. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం కలిపి 80, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40. ఒక్కో ప్రశ్నకు ఒక మార్కు, తప్పుకు కోత లేదు. నీట్ కాగితం మీద ఓఎంఆర్ షీటుతో జరుగుతుంది, ఈఏపీసెట్ కంప్యూటర్ మీద జరుగుతుంది. కాకినాడ రంగరాయ వైద్య కళాశాలలో సీటు కోరుకునే అమ్మాయే వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయాన్ని కూడా దృష్టిలో పెట్టుకుని రెండు పరీక్షలూ రాయడం ఇక్కడ మామూలే. ఆమె చదివే పాఠాలు చాలావరకు ఒకటే అయినా, పరీక్ష హాలులో తీసుకోవలసిన నిర్ణయాలు వేరు.

నీట్‌లో సగటున ప్రశ్నకు ఒక నిమిషం దొరుకుతుంది. అయితే ఎవరూ అన్ని ప్రశ్నలకూ సమానంగా నిమిషం ఇవ్వరు. జీవశాస్త్రంలో మిగుల్చుకున్న సమయాన్నే భౌతికశాస్త్రంలో ఖర్చు పెడతారు. జీవశాస్త్ర సాధన వల్ల పెరిగే వేగం భౌతికశాస్త్రం మార్కులను కూడా నిర్ణయిస్తుందన్న సంగతి ఇక్కడ తేలుతుంది.

జీవశాస్త్రంలో సాధన అంటే జ్ఞాపకాన్ని తవ్వుకోవడం

ఒక పేజీని మళ్లీ మళ్లీ చదివినప్పుడు అది బాగా వచ్చేసిందన్న నమ్మకం కలుగుతుంది. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని కళాశాల విద్యార్థులతో పరీక్షించి చూశారు. ఒక పాఠ్యభాగాన్ని కొందరు రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, రెండోసారి చదవడానికి బదులు గుర్తున్నదంతా కాగితం మీద రాశారు. అయిదు నిమిషాల తరువాత అడిగితే రెండుసార్లు చదివినవారికి 81 శాతం, రాసినవారికి 75 శాతం గుర్తుంది. వారం తరువాత అడిగితే లెక్క తారుమారైంది: రెండుసార్లు చదివినవారికి 42 శాతమే మిగిలితే, రాసినవారికి 56 శాతం మిగిలింది.

ఈ ఫలితంలో గమనించవలసినది ఆ అయిదు నిమిషాల అంకె. రాత్రి స్టడీ అవర్‌లో చదివి వెంటనే అప్పజెప్పే పద్ధతిలో, మళ్లీ చదవడమే మంచిదని ఎప్పుడూ అనిపిస్తుంది. పరీక్ష మాత్రం నెలల తరువాత ఉంటుంది. జీవశాస్త్రంలో బిట్లు చేయడం ఇంత ఉపయోగపడటానికి కారణం ఇదే: ప్రతి బిట్టూ జ్ఞాపకాన్ని ఒకసారి పైకి లాగుతుంది, అలా లాగినప్పుడు అది గట్టిపడుతుంది. అయితే చదివిన రోజే ఆ అధ్యాయం మీద రెండు వందల బిట్లు చేసేస్తే, ఆ లాభంలో పెద్ద భాగం చేజారుతుంది. అదే రెండు వందలను నాలుగు విడతలుగా, మధ్యలో కొన్ని రోజులు, ఆపైన కొన్ని వారాలు ఎడం ఇచ్చి చేస్తే ఫలితం వేరుగా ఉంటుంది. కొంత మరిచిపోయాక తిరిగి గుర్తు చేసుకోవడమే ఇక్కడ అసలు సాధన. పిల్లలకు ఇది ఇబ్బందిగా ఉంటుంది, మార్కులు తగ్గినట్టు కనిపిస్తుంది. ఆ ఇబ్బందిని భరించనిచ్చే ఓపిక పెద్దలకు ఉండాలి.

ఒక్క కొబ్బరికాయలో ఎన్ని ప్రశ్నలు

జీవశాస్త్రం అంటే బట్టీ అన్న మాట చాలా చోట్ల వినిపిస్తుంది. అది సగమే నిజం. కోనసీమలో ప్రతి పెరట్లోనూ ఉండే కొబ్బరికాయనే ఉదాహరణగా తీసుకుంటే, సాధన ఏ మెట్టు దగ్గర ఆగిపోతుందో స్పష్టంగా తెలుస్తుంది.

మొదటి మెట్టు పుస్తకంలోని వాక్యం: లేత కొబ్బరి నీళ్లు వేల కేంద్రకాలతో కూడిన, కణాలుగా విడిపోని స్వేచ్ఛా కేంద్రక అంకురచ్ఛదం (పిండానికి ఆహారమయ్యే భాగం), దాని చుట్టూ ఉండే తెల్లని కొబ్బరి కణయుత అంకురచ్ఛదం. ‘కొబ్బరి నీళ్లు ఏమిటి?’ అన్న ప్రశ్నకు ఈ వాక్యం గుర్తుంటే చాలు.

రెండో మెట్టులో ఒక అంకె వస్తుంది. కొబ్బరి చెట్టు శరీర కణాల్లో 32 క్రోమోసోములుంటాయి. మరి కొబ్బరిలోని కణంలో ఎన్ని? ద్విఫలదీకరణలో ఒక పురుష సంయోగబీజం స్త్రీబీజ కణంతో కలిసి పిండానికి దారితీస్తే, రెండోది రెండు ధ్రువ కేంద్రకాలతో కలిసి అంకురచ్ఛదానికి దారితీస్తుంది. అంటే మూడు ఏకస్థితిక కేంద్రకాలు (శరీర కణంలో ఉండేవాటిలో సగం క్రోమోసోములున్నవి) కలిశాయి, ఒక్కోదానిలో 16, మొత్తం 48.

మూడో మెట్టులో నాలుగు భాగాలనిచ్చి జతపరచమంటారు: పీచు, చిప్ప, తెల్లని కొబ్బరి, పిండం. ఇక్కడ వాక్యం గుర్తుండటం చాలదు. పీచు మధ్యఫలకవచం, చిప్ప అంతఃఫలకవచం. రెండూ అండాశయ కుడ్యం నుంచి వచ్చినవే కాబట్టి వాటి కణాల్లో 32. పిండంలోనూ 32 ఉంటాయి, కొబ్బరిలో 48. ఇంకొక అడుగు ముందుకు వేసి, పీచులోని 32కూ పిండంలోని 32కూ తేడా ఏమిటని అడిగితే, పీచులోనివన్నీ తల్లి చెట్టువే అనీ, పిండంలో సగం పరాగరేణువు ద్వారా తండ్రి చెట్టు నుంచి వచ్చినవనీ చెప్పగలగాలి.

నిశ్చితం, కారణం రూపంలో వచ్చే ప్రశ్నలు ఈ చివరి మెట్టు మీదే నిలబడతాయి. రెండు వాక్యాలూ నిజమని తేల్చుకోవడంతో పని అయిపోదు, రెండోది మొదటిదానికి కారణమవుతుందో లేదో కూడా చెప్పాలి. ‘కొబ్బరి నీళ్లలోని కేంద్రకాలు త్రయస్థితికాలు’ (మూడు సెట్ల క్రోమోసోములున్నవి) అనే వాక్యానికి ‘కొబ్బరికాయ టెంకగల ఫలం’ అనే వాక్యాన్ని జత చేస్తే, రెండూ నిజమే కానీ మొదటిదానికి రెండోది కారణం కాదు. మొదటి మెట్టు బిట్లే వెయ్యి చేసిన విద్యార్థి ఇక్కడ తడబడతాడు. అతను చేసిన సంఖ్యకు లోటు లేదు, ఎక్కిన మెట్లకే లోటుంది.

భౌతికశాస్త్రంలో మూడు పడవలు

మూడు ప్రశ్నలు చూద్దాం. మూడింటిలోనూ గోదావరి, పడవ ఉన్నాయి. అంకెలు లెక్క కోసం అనుకున్నవి.

మొదటిది: నరసాపురం రేవు నుంచి సఖినేటిపల్లి వైపు వెళ్లే పంటులాంటి పడవ ఒకటి నిలకడ నీటిలో సెకనుకు 5 మీటర్ల వేగంతో పోగలదు. నది వెడల్పు 900 మీటర్లు, ప్రవాహ వేగం సెకనుకు 3 మీటర్లు. అతి తక్కువ సమయంలో దాటాలంటే పడవ ముఖాన్ని ఒడ్డుకు లంబంగా ఉంచాలి. అప్పుడు 900ని 5తో భాగించగా 180 సెకన్లు పడుతుంది, ఈలోగా ప్రవాహం పడవను 540 మీటర్లు దిగువకు తోస్తుంది. సరిగ్గా ఎదుటి రేవులోనే దిగాలంటే ముఖాన్ని ఎగువకు తిప్పాలి. అప్పుడు నదికి అడ్డంగా మిగిలే వేగం 25లోంచి 9 తీసేస్తే వచ్చే 16కు వర్గమూలం, అంటే సెకనుకు 4 మీటర్లు. పట్టే సమయం 225 సెకన్లు. ‘అతి తక్కువ సమయం’, ‘అతి తక్కువ దూరం’ అన్న రెండు మాటల మధ్య తేడా చదవకుండా సూత్రం వేసేవాడు 180 అడిగితే 225 పెడతాడు, ఆ 225 కూడా ఆప్షన్లలో ఉండనే ఉంటుంది. వరద రోజుల్లో ప్రవాహం సెకనుకు 5 మీటర్లయితే ఎదుటి రేవులో దిగడం సాధ్యమేనా అని తనను తానే ప్రశ్నించుకున్న విద్యార్థికి, పడవ వేగం ప్రవాహ వేగం కన్నా ఎక్కువైతేనే అది కుదురుతుందన్న విషయం తట్టి, ఆ సూత్రం ఎక్కడి దాకా చెల్లుతుందో కూడా అర్థమవుతుంది.

రెండోది: 240 కిలోల పడవ కదలకుండా నీటి మీద ఉంది. దానిలో 60 కిలోల మనిషి ఒక చివర నుంచి మరో చివరకు పడవ మీద 3 మీటర్లు నడిచాడు. నీటి నిరోధం లేదనుకుంటే పడవ ఎంత జరుగుతుంది? ఇక్కడ సాపేక్ష వేగం సూత్రాలతో పని లేదు. బయటి నుంచి అడ్డంగా బలం లేదు కాబట్టి ద్రవ్యరాశి కేంద్రం కదలదు. 60ని 3తో గుణించి మొత్తం ద్రవ్యరాశి 300తో భాగిస్తే 0.6 మీటరు వస్తుంది. పడవ వెనక్కి 0.6 మీటరు జరిగింది, ఒడ్డు మీద నుంచి చూసేవారికి మనిషి 2.4 మీటర్లే ముందుకు వెళ్లాడు.

మూడోది: 20,500 కిలోల పడవ వశిష్ఠ గోదావరిలోంచి అంతర్వేది దగ్గర సముద్రంలోకి వెళ్లింది. దాని అడుగు చదునుగా, 50 చదరపు మీటర్ల వైశాల్యంతో ఉంది. నది నీటి సాంద్రత ఘనపు మీటరుకు 1000 కిలోలు, సముద్రపు నీటిది 1025 కిలోలు. నదిలో అది 20.5 ఘనపు మీటర్ల నీటిని పక్కకు తోస్తుంది, సముద్రంలో 20 ఘనపు మీటర్లే. నదిలో 41 సెంటీమీటర్లు మునిగిన పడవ సముద్రంలో 40 సెంటీమీటర్లే మునుగుతుంది, అంటే ఒక సెంటీమీటరు పైకి తేలుతుంది. రెండు చోట్లా ఉత్ప్లవన బలం (నీరు పడవను పైకి నెట్టే బలం) మాత్రం ఒకటే, ఎందుకంటే పడవ బరువు మారలేదు. ‘సముద్రంలో ఉత్ప్లవన బలం పెరుగుతుంది’ అన్న ఆప్షన్‌ను ఎంచుకునేవారు ఎక్కువగా ఈ ఒక్క మెట్టు దగ్గరే జారుతారు.

మూడు ప్రశ్నల బొమ్మ ఒకటే, వెనుకనున్న నియమాలు మూడు. 1981లో చీ, ఫెల్టోవిచ్, గ్లేసర్ అనే పరిశోధకులు భౌతికశాస్త్ర సమస్యలను వర్గాలుగా విడదీయమని కొత్త విద్యార్థులనూ, ఆ శాస్త్రంలో ఆరితేరినవారినీ అడిగారు. కొత్తవారు వాలుతలం ఉన్నవన్నీ ఒక కుప్పగా, స్ప్రింగ్ ఉన్నవన్నీ మరో కుప్పగా పెట్టారు. ఆరితేరినవారు శక్తి నిత్యత్వం వాడవలసినవి ఒకచోట, న్యూటన్ రెండో నియమం వాడవలసినవి ఒకచోట పెట్టారు. భౌతికశాస్త్ర సాధనకు గమ్యం మొదటి చూపు నుంచి రెండో చూపుకు చేరడమే. ఆ చూపు రాకుండా చేసే బిట్లు ఎన్నయినా గుణకారం, భాగహారం సాధనగానే మిగిలిపోతాయి.

ఒకే రకం ప్రశ్నలా, కలగలిపిన ప్రశ్నలా

మన కళాశాలల్లో ఎక్కువగా అధ్యాయాలవారీగా బిట్లు చేయిస్తారు. ఉత్ప్లవనం పాఠం అయిన వారం ప్రశ్నలన్నీ ఉత్ప్లవనం మీదే ఉంటాయి. ఆ వారం పై మూడో ప్రశ్న ఇస్తే అందరికీ వస్తుంది, ఎందుకంటే ఏ నియమం వాడాలో ఎవరూ ఆలోచించనక్కరలేదు, అధ్యాయం పేరే చెప్పేసింది. పరీక్షలో మాత్రం ప్రశ్న మీద అధ్యాయం పేరు ఉండదు.

ఈ తేడాను రోరర్, టేలర్ 2007లో గణితంలో కొలిచారు. ఘనాకారాల ఘనపరిమాణం లెక్కల్ని కొందరు ఒక్కో రకంగా విడదీసి చేశారు, కొందరు కలగలిపి చేశారు. సాధన సమయంలో విడిగా చేసినవారికి 89 శాతం, కలిపి చేసినవారికి 60 శాతం మార్కులు వచ్చాయి. వారం తరువాత పరీక్ష పెడితే విడిగా చేసినవారికి 20 శాతం, కలిపి చేసినవారికి 63 శాతం వచ్చాయి.

అధ్యాయాలవారీ సాధనను సమర్థించే అధ్యాపకుల వాదనలోనూ బలముంది. ఒక నియమాన్ని మొదటిసారి నేర్చుకునేవాడికి పదిహేను ఇరవై ఒకే రకం లెక్కలు లేకపోతే చేయి తిరగదు. ఇప్పుడే మొదలుపెట్టినవాడికి కలగలిపిన ప్రశ్నలిస్తే ఏదీ రాక, తనకు భౌతికశాస్త్రం రాదని నిర్ణయించుకుంటాడు. నా అభిప్రాయంలో ఆ మొదటి దశ అవసరమే, తప్పల్లా అక్కడే ఏడాదంతా ఉండిపోవడంలో ఉంది. పాత అధ్యాయాల ప్రశ్నలు నాలుగైదు ప్రతి వారం కొత్తవాటిలో కలిపినా, ‘ఇక్కడ ఏది వాడాలి’ అన్న ప్రశ్న పిల్లవాడి మనసులో బతికి ఉంటుంది.

పాఠ్యపుస్తకమా, బిట్ బ్యాంకా

నీట్ జీవశాస్త్రానికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోని ప్రతి వాక్యం, బొమ్మ కింది రాత కూడా ముఖ్యమేనని ఒక వర్గం అంటుంది. ప్రశ్నలు చేస్తేనే ఏ వాక్యం ముఖ్యమో తెలుస్తుందని మరో వర్గం అంటుంది. జీవశాస్త్రం వరకు మొదటి వాదనకే ఎక్కువ ఆధారముంది, కానీ ఆ పుస్తకం పాతదా కొత్తదా, ఏ ముద్రణ చదవాలన్న చిక్కు దానితోపాటే వస్తుంది.

2024 నీట్ భౌతికశాస్త్రంలో పరమాణువు మీద వచ్చిన ప్రశ్న దీనికి గట్టి ఉదాహరణ. రెండు వాక్యాలిచ్చారు: ధన, రుణ ఆవేశాలు సమానంగా ఉండటం వల్ల పరమాణువులు విద్యుత్పరంగా తటస్థమని ఒకటి, ప్రతి మూలకపు పరమాణువులు స్థిరమైనవి, తమ లాక్షణిక వర్ణపటాన్ని ఉద్గారిస్తాయని రెండోది. పాత పాఠ్యపుస్తకం ఆధారంగా రెండూ సరైనవేనని పెట్టినవారికి కూడా మొదట మార్కులిచ్చారు. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కోర్టు కోరగా ఐఐటీ ఢిల్లీ నిపుణులు జూలైలో పరిశీలించి మొదటి వాక్యం మాత్రమే సరైనదని తేల్చారు. స్థిరంగా ఉన్న పరమాణువు ఊరికే వర్ణపటాన్ని ఉద్గారించదు, ఉత్తేజిత స్థితి నుంచి కిందికి దిగినప్పుడే ఉద్గారిస్తుంది. దాంతో నాలుగు లక్షలకు పైగా విద్యార్థులకు అయిదేసి మార్కులు తగ్గాయి. పుస్తకంలోని వాక్యాన్ని నమ్మడం, ఆ వాక్యం వెనుకనున్న భౌతికశాస్త్రాన్ని అర్థం చేసుకోవడం వేర్వేరని అంతకన్నా స్పష్టంగా చెప్పిన సందర్భం ఇటీవల లేదు.

సిలబస్ విషయమూ చూడాలి. 2024 నీట్ నుంచి చేపల పెంపకం, పశుపోషణ, పంటల మెరుగుదల ఉన్న అధ్యాయాన్ని తొలగించారు. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి స్వర్ణ వరి వచ్చిన నేల ఇది, భీమవరం చుట్టూ ఇళ్లలో చెరువుల మాటే వినిపిస్తుంది. ఈ పిల్లలకు అతి దగ్గరైన పాఠం అలా పోయిందన్న విచారం నాకుంది. పాత బిట్ బ్యాంకుల్లో ఆ ప్రశ్నలు ఇంకా ఉన్నాయి, నీట్ కోసమే చదివేవారు వాటి మీద గడిపే గంటలు లెక్కలోకి రావు. ఈఏపీసెట్‌కు ఇంటర్ బోర్డు సిలబస్ ప్రమాణం కాబట్టి ఆ జాబితాను వేరుగా సరిచూసుకోవాలి.

తెలియని ప్రశ్నకు జవాబు పెట్టడం గురించిన లెక్క

నీట్‌లో గుడ్డిగా ఒక ఆప్షన్ పెడితే నాలుగింట ఒక వంతు సార్లు 4 మార్కులు వస్తాయి, మూడు వంతుల సార్లు 1 మార్కు పోతుంది. సగటున ప్రశ్నకు పావు మార్కు లాభం. అలా పది ప్రశ్నలకు పెడితే సగటు లాభం రెండున్నర మార్కులే, మొత్తం మీద నష్టపోయే అవకాశం సుమారు నాలుగో వంతు ఉంటుంది. రెండు ఆప్షన్లను కచ్చితంగా కొట్టేయగలిగితే సగటు ప్రశ్నకు ఒకటిన్నర మార్కులకు పెరుగుతుంది, పది ప్రశ్నల మీద నష్టపోయే అవకాశం నూటికి ఒకటికి పడిపోతుంది. ‘తెలియకపోతే వదిలేయ్’ అన్న సలహా, ‘ఏదో ఒకటి పెట్టు’ అన్న సలహా రెండూ ఎందుకు అసంపూర్ణమో ఈ అంకెలు చెబుతాయి. ఈఏపీసెట్‌లో కోత లేదు కాబట్టి అక్కడ ఖాళీ వదలడానికి కారణమే లేదు.

ఒకే మార్కు, రెండు కథలు

గ్రాండ్ టెస్టు ఫలితాల్లో ఇద్దరు పిల్లలకు భౌతికశాస్త్రంలో 180కి 90 చొప్పున వచ్చాయనుకుందాం. మొదటి అమ్మాయి 30 ప్రశ్నలు రాసింది: 24 ఒప్పులు, 6 తప్పులు. రెండో అబ్బాయి 45 రాశాడు: 27 ఒప్పులు, 18 తప్పులు. గోడ మీది జాబితాలో ఇద్దరిదీ ఒకే వరుస. కానీ అమ్మాయికి కావలసింది సమయం, చదవని అధ్యాయాలు. అబ్బాయికి కావలసింది ఆ 18 తప్పుల్ని విడదీసి చూడటం: ఎన్ని నియమం తెలియక పోయాయి, ఎన్ని ప్రశ్న సరిగా చదవక పోయాయి, ఎన్ని లెక్కలో పోయాయి. ఇద్దరికీ కలిపి ‘ఇంకా ఎక్కువ బిట్లు చేయండి’ అని చెబితే ఎవరి లోటూ తీరదు. వారం వారం ర్యాంకులు పోటీతత్వం పెంచుతాయనేవారి మాటను కొట్టిపారేయలేం, కొందరు పిల్లలు అలాంటి ఒత్తిడిలోనే మెరుగవుతారు. అయితే టెస్టు రాయడానికి మూడు గంటలిచ్చి, తప్పులు చూసుకోవడానికి అరగంట కూడా ఇవ్వని పద్ధతిలో ఆ టెస్టు నుంచి నేర్చుకునేది చాలా తక్కువ.

తెలుగు మాధ్యమం పిల్లలకు అదనపు మెట్టు

ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో తెలుగులో చదివేవారికి మరో చిక్కు ఉంది. నీట్‌ను తెలుగులో రాయవచ్చు, ప్రశ్నపత్రంలో తెలుగు, ఇంగ్లిషు రెండూ ఉంటాయి. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిషు పాఠమే ప్రమాణం. ఎన్‌సీఈఆర్‌టీ తన పుస్తకాలను తెలుగులో ప్రచురించదు కాబట్టి ఈ పిల్లలు తెలుగు అకాడమీ పుస్తకాల మీద ఆధారపడతారు. క్షయకరణ విభజన అన్నా మియోసిస్ అన్నా ఒకటేనని, ద్రవ్యవేగం అంటే మొమెంటమ్ అని తడుముకోకుండా తెలియాలి. నిమిషానికి ఒక ప్రశ్న చొప్పున సాగే పరీక్షలో పదం దగ్గర ఆగిన పది సెకన్లు లెక్కకు దొరకవు. తెలుగులో నేర్చుకోవడం వల్ల భావన లోతుగా నాటుకుంటుందని, ఆ లాభం ఈ నష్టం కన్నా పెద్దదని వాదించే అధ్యాపకులున్నారు, పడవ ప్రశ్నల వంటి వాటిలో ఆ మాట నిజమే. పదాల చిక్కు మాత్రం విడిగా తీర్చుకోవచ్చు: మొదటి సంవత్సరం నుంచే ప్రతి అధ్యాయం బిట్లలో కొన్నింటిని రెండు భాషల్లోనూ ఉన్న పాత నీట్ ప్రశ్నపత్రాల నుంచి చేయిస్తే, రెండో సంవత్సరం చివర వేరే పదకోశం పట్టుకుని కూర్చోవలసిన అవసరం చాలావరకు ఉండదు.